భూలబ్ధ నాణెములు - గృహద్రవ్యములచే వాని శుద్ధి

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలోఁ బొలము దున్నునపుడో, ఇంటికిఁ బునాది త్రవ్వునపుడో, చెరువున పూడిక తీయునపుడో పాతనాణెములు బయల్పడినవని యప్పుడప్పుడు వినుచుందుము. ఈ మూఁడు జిల్లాలు 2016 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదీన నేర్పడినవి గాని, వీనిలోని నేల మిక్కిలి ప్రాచీనమైనది. పాలకుర్తి, బమ్మెర, బయ్యారము, కురవి, గణపురము మొదలగు పేరులు సాహిత్యచరిత్రమునందును శాసనములయందును బరిశ్రమ చేసినవారికిఁ జిరపరిచితములు. ఇట్టినేల నొక నాణెము దొరకిన, దొరకించుకొన్నవాఁడు మొట్టమొదటఁ జేయుపని దానిని గడుగుట. చింతపండు, నిమ్మకాయ, ఉప్పు, బూడిద, ఇటుకపొడి, పండ్లపొడి, వెనిగరు, సోడాయుప్పు, తుదకు సీసాలలో నమ్ము శీతలపానీయములు - ఇంటఁ జేతికందిన ద్రవ్య మెల్ల నాణెముపైఁ బ్రయోగింపఁబడుచున్నది. ఆ ద్రవ్యములు లోహమునకు నేమి చేయునో, ఏది కూడునో, ఏది కూడదో, ఎందులకుఁ గూడదో యీ వ్యాసమున నిరూపింపఁ బ్రయత్నించెదను. నేను వ్యాకరణము చదివినవాఁడనే కాని రసాయనశాస్త్రజ్ఞుఁడను గాను. అయినను దన చేతులతో నక్షరములఁ బోఁగొట్టినవాఁడు వానిని గుఱించి మాటాడుట కొకింత యధికారము గలవాఁడని విజ్ఞులు క్షమింతురు గాక.

1. నా యపరాధము

ఇరువదియేండ్లకుఁ బూర్వము నేను జనగామ ప్రాంతమున నొక పాఠశాలలోఁ దెలుఁగు చెప్పుచుంటిని. ఒకనాఁటి యుదయమున శిష్యుఁడొకఁడు, "సారూ, మా బాపు దున్నుతుంటె నాగలికి తగిలింది" అని పచ్చని బిళ్ల నొకదానిని నా చేతఁ బెట్టెను. రాత్రి దీపము దగ్గఱ భూతద్దముతోఁ జూచితిని. నడుమ నేనుఁగు వంటి యాకృతి, అంచున బ్రాహ్మీలిపి. "పుతస" యను మూఁడక్షరములు తేటగా నుండెను. వానికి ముందున్న యక్షరము సగము మట్టిలో మునిఁగి యుండెను. ఒకమాఱు "మి" వలెఁ దోఁచెను. మఱల జూడ "ఠి" వలెఁ దోఁచెను.

ఈ సందేహ మల్పమైనది గాదు. ప్రాకృతమున "పుతస" యనఁగా "పుత్రస్య", షష్ఠీవిభక్తి. శాతవాహన రాజులు తల్లిపేరు ముందుంచుకొని గౌతమీపుత్రుఁడు, వాసిష్ఠీపుత్రుఁడు అని చెప్పుకొనిరి. "పుతస" కు ముందు "మి" యున్నచో "గోతమిపుతస". "ఠి" యున్నచో "వాసిఠిపుతస". శాతకర్ణి యను పేరు పలువురు రాజులకు సమానము. ఒక శాతకర్ణిని మఱియొక శాతకర్ణినుండి వేఱుచేయునది తల్లిపేరే. బ్రాహ్మీలిపియందు మకారమునకు క్రింద వలయము, మీఁద రెండు కొమ్ములు. ఠకారము వట్టి వలయము. కొమ్ములు కనఁబడెనేని యొకరాజు, లేకున్న నింకొకరాజు. ఒక వెండ్రుకవాసి గీఁతలోఁ జరిత్రము నిలిచియుండెను.

ఆ గీఁతను స్పష్టముగాఁ జూడవలెనని నాకుఁ దొందర గలిగినది. మా యింట దేవతార్చన పాత్రలను జింతపండుతోఁ దోముట చిన్ననాఁటినుండి చూచినవాఁడను. పిడికెఁడు చింతపండు నీళ్లలోఁ బిసికి, చిటికెఁడుప్పు చేర్చి, నాణెమును రాత్రియంతయు నానఁబెట్టితిని. తెల్లవాఱి చూచునప్పటికిఁ బచ్చదన మంతయుఁ బోయి, ఎఱ్ఱని రాగిబిళ్ల మెఱయుచుండెను. నా యానందము క్షణకాలము నిలిచెను. కొమ్ములు లేవు, వలయము లేదు, రాత్రి నేను గన్నులారఁ జదివిన "పుతస" సైతము లేదు. ఏనుఁగు వెన్నుగీఁత మాత్ర మొక నీడవలె మిగిలెను. ఛాయాచిత్రము తీయలేదు, కాగితముపై నచ్చు దింపుకొనలేదు. నేఁడు నన్ను "మి" యా, "ఠి" యా యని యడిగిన నేను ప్రమాణముచేసి చెప్పలేను.

వ్యాకరణమున లోపించిన వర్ణము కంటికిఁ గానరాకున్నను దాని నిమిత్తమైన కార్యము నిలుచుట కలదు. ప్రత్యయము లోపించినను దాని లక్షణము ప్రవర్తించును. కావున వైయాకరణుఁడు లోపమును జూచి భయపడఁడు. నాణెముపై జరిగినది యట్టి లోపము గాదు, అది నాశము. అందు స్థానియు లేదు, ఆదేశమును లేదు, ఊహింపఁదగిన కార్యమును లేదు.

2. వంటయింటి సాక్ష్యము

నేను చదువఁ దగిన పాఠము నా యింటి వంటగదిలోనే యుండెను. ఇత్తడి గిన్నెలోఁ బులుసు కాఁచుటకు ముందు దానికిఁ గళాయి పెట్టింపవలెనని మన పెద్దమ్మ లందఱు నెఱుఁగుదురు. కళాయి పోయిన గిన్నెలోఁ బులుసు నిలువయున్నఁ గిలుమెక్కి త్రాగుటకుఁ బనికిరాదు. ఆ కిలుము పులుసులోనుండి పుట్టినది గాదు. గిన్నెనుండి కరఁగిన రాగియే. పులుపు రాగిని దినును. చింతపండునందు టార్టారిక్ ఆమ్లము, నిమ్మయందు సిట్రిక్ ఆమ్లము, వెనిగరునందు అసిటిక్ ఆమ్లము, కొన్ని శీతలపానీయములయందు ఫాస్ఫారిక్ ఆమ్లము గలవు. ఈ యామ్లములు రాగికిఁ బట్టిన యాక్సైడును గార్బనేటును సులభముగాఁ గరఁగించును. క్రొత్త చెంబుపైఁ గొద్దిగా మాసిన పొర యెంతయో పలుచన. అది పోయిన లోపలి లోహ మేకరీతిగా మెఱయును. చెంబునకు వచ్చిన నష్టము లెక్కింపరానంత స్వల్పము. జనగామ చేరువనున్న పెంబర్తి లోహకారులు తమ ఇత్తడి రేకుపనిని మెఱుఁగుదీర్చుట యిట్టి న్యాయము చేతనే తగియున్నది. అది నూతనలోహము, మెఱుఁగే దాని ప్రయోజనము.

భూమిలో వేయి, రెండువేల యేండ్లున్న నాణెము సంగతి వేఱు. తడి, గాలి, నేలలోని లవణములు దాని పైభాగమును గ్రమముగా మార్చివేయును. లోహము నంటుకొని యెఱ్ఱని యాక్సైడుపొర యుండును. దానిని శాస్త్రజ్ఞులు క్యూప్రైటు అందురు. దానిపైఁ బచ్చని కార్బనేటుపొర, అది మలకైటు. ఆపైని మట్టియు నిసుకయుఁ గలిసిన గట్టిపెళ్ల. ఇందు ముఖ్యముగాఁ దెలియవలసిన దేమనఁగా, టంకశాలలో ముద్ర పడిననాఁటి యసలు ఉపరితలము పెక్కు నాణెములలో నిప్పుడు లోహమునందు లేదు; ఆ యెఱ్ఱపొరయందో దాని సరిహద్దునందో నిలిచియున్నది. లోహము తాను మాఱిపోవుచుఁ దన యాకృతిని గిలుమునకు నప్పగించినది. కావునఁ గిలుము నాణెముపైఁ బడిన మురికి గాదు, నాణెములోని భాగమే. ఆమ్లము దానిని గరఁగించినప్పుడు లోపలనుండి మనకుఁ గనఁబడు లోహము ముద్రపడిన తలము గాదు. గుంటలు పడిన గర్భభాగము. అందక్షరము లుండవు.

తాటాకు గ్రంథము నుపమానముగాఁ జెప్పవచ్చును. గంటముతో వ్రాసిన గీఁతలలో మసి నిలుచుటచేతనే యక్షరము కనఁబడును. మసి మలినమని పీచుతో రుద్దినవాఁడు గ్రంథమును శుద్ధిచేసినవాఁడగునా?

3. ధర్మశాస్త్రము చెప్పిన శుద్ధి

కొందఱు పండితమిత్రులు ద్రవ్యశుద్ధి ప్రకరణమును జూపి, రాగికి నామ్లముచే శుద్ధి శాస్త్రవిహితమే కదా యని యడుగుదురు. మనుస్మృతి యైదవ యధ్యాయమున రాగి, యినుము, కంచు, ఇత్తడి, తగరము, సీసము మున్నగువానికి క్షారముచేతను, ఆమ్లముచేతను, నీటిచేతను దగినట్లుగా శౌచము చేయవలెనని చెప్పఁబడిన మాట నిజము. కాని యచటఁ బ్రకరణము భోజనాదులకును గర్మలకును వినియోగించు పాత్రలకు సంబంధించినది. పాత్ర మరల వినియోగమునకు రావలెను; అది దాని శుద్ధికిఁ బ్రయోజనము. నాణెము మరల సంతలోఁ జెల్లుటకు మనము దానిని దీయుటలేదు. అది సాక్షి. సాక్షికి ముఖము గడుగవచ్చును, నాలుక కోయరాదు. మఱియు "తగినట్లుగా" నను మాట శాస్త్రకారునిదే. ద్రవ్యభేదముచే విధిభేద ముండు నని యా మాటయే తెల్పుచున్నది.

"శుధ్" ధాతువునుండి పుట్టిన శుద్ధి, శోధన శబ్దములు మన భాషలో రెండు త్రోవలఁ బోయినవి. శుద్ధి యన మాలిన్యము తీయుట. శోధించు టన వెదకుట, పరీక్షించుట. నాణెము విషయమున రెండవది ముందు, మొదటిది తరువాత. నేను గ్రమము తప్పితిని.

4. లోహభేదము

మన ప్రాంతమున దొరకు ప్రాచీననాణెములు ముఖ్యముగా రాగి, రాగిమిశ్రమము, సీసము, వెండి, బంగారము అను లోహములవి. శాతవాహనుల కాలమున సీసమును, రాగి తగరము సీసము కలిసిన పోటీను అను మిశ్రమమును విరివిగా వాడిరి.

సీసము: 2024 వ సంవత్సరము మార్చి నెలలో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధస్థలమున జరిగిన త్రవ్వకములలో నొక మట్టికుండయందు 3,730 సీసపు నాణెములు దొరకినవి. ఒక ప్రక్క నేనుఁగు, ఒక ప్రక్క నుజ్జయినీ చిహ్నము. ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాముల తూకము. ఇవి యిక్ష్వాకుల కాలమువని పురావస్తుశాఖవారు నిర్ణయించిరి. ఫణిగిరి జనగామకుఁ బొరుగు సీమలోనిదే. కాఁబట్టి మన పొలములలో సీసపుబిళ్ల దొరకుట యసంభవము గాదు. సీసమునకుఁ బులుపు పరమశత్రువు. వెనిగరులోని యామ్లము తగిలిన సీసము కరఁగి, తెల్లని పొడిగా మాఱును. ఆశ్చర్యకరమైన సంగతి యేమనఁగా, మిక్కిలి శుద్ధమైన స్వేదనజలము సైతము గాలి సోఁకిన సీసమును దినును; అందు నానఁబెట్టరాదు. పుల్లని యావిరులు వెడలించు కొన్ని కఱ్ఱల పెట్టెలలోను, చవుకబాఱు అట్టపెట్టెలలోను సీసము పాడగును. ఇంతేకాక సీసము విషము. దానిని వంటపాత్రలలోఁ గడుగుట, వట్టిచేతులతో రుద్దుట, పిల్లలచేతికిచ్చుట కూడనివి. సీసపునాణెమును గృహస్థుఁడు పొడిగానే యుంచవలెను.

వెండి: ముద్రాంకిత కార్షాపణములు మొదలు నిజాము ప్రభుత్వపు రూపాయల వఱకు వెండినాణెము లున్నవి. పాతవెండిలోఁ గొంత రాగి కలిసియుండును. భూమిలో నా రాగియే ముందుగాఁ గరఁగి పైకి వచ్చి పచ్చపొర గట్టును. అందుచే వెండినాణెము రాగినాణెమువలెఁ గనఁబడును. లోపల రాగి పోయిన వెండి పెళుసుబాఱి యుండును. వ్రేళ్ల నడుమ వంచిన విఱుగును. శాతవాహనుల వెండినాణెములపై రాజు ముఖముతోఁ గూడ నొక ప్రక్కఁ బ్రాకృతమును, రెండవప్రక్క నొక ద్రావిడభాషారూపమును గలవు. రెండవప్రక్క "మకనకు" వంటి రూపములు చదువఁబడినవి. దానిని గొందఱు తమిళమనిరి. కొందఱు తెలుఁగునకుఁ జేరువయైన దక్షిణభాష యనిరి. మన భాషాచరిత్రమున కింత విలువగల వాక్యములు రెండు గ్రాముల వెండిబిళ్ల యంచునఁ గలవు. అట్టిదానిపైఁ బండ్లపొడి చల్లి రుద్దువాఁడు తానేమి రుద్దుచున్నాఁడో యెఱుఁగఁడు.

బంగారము: శుద్ధమైన బంగారమునకుఁ గిలుము పట్టదు. మట్టి యంటియున్న మంచినీటితోఁ దొలఁగును. కాని బంగారము మెత్తన. ఇసుకరేణువు లున్న గుడ్డతోఁ దుడిచినను గీఁతలు పడును, ముద్ర యరుగును. ఎఱ్ఱమన్ను పొరయున్న నది నాణెమున కపాయకరము గాదు, ఉండనిచ్చుటే మేలు.

5. ఒక్కొక్క గృహద్రవ్యము

చింతపండు, నిమ్మ, వెనిగరు, మజ్జిగ: వీని సంగతి పైనిఁ జెప్పఁబడినది. ఉప్పు చేర్చిన దోషము ద్విగుణము. ఆమ్లము పొరను దీయును. ఉప్పులోని క్లోరైడు లోహరంధ్రములలోఁ జొచ్చి రాఁబోవు రోగమునకు బీజమగును. మిశ్రమలోహములపై నొక్కొక్కప్పుడు కరఁగిన రాగి మరల నంటి గులాబివన్నె కలిగించును. అది నాణెమునకు సహజవర్ణము గాదు.

బూడిద, ఇటుకపొడి, పండ్లపొడి, ఇనుపపీచు: ఇవి రాచి తీయునవి. అక్షరము నాణెముపై నెత్తుగా నుండునది గనుక రాపిడి మొదట నక్షరమునకే తగులును, పల్లమునకుఁ దగులదు. బూడిదలో క్షారము సైతము గలదు. అంగళ్లలో నమ్ము ఇత్తడి మెఱుఁగుపొడులలోఁ బులుపును రాపిడియు రెండును గలవు. అవి పాత్రలకే తగినవి.

సోడాయుప్పు, అల్యూమినియపు రేకు, వేఁడినీరు: నల్లఁబడిన యింటివెండి కీ పద్ధతి పనిచేయును. వెండిపై నున్న నలుపు గంధకసంయోగము. రేకు దానిని మరల వెండిగా మార్చును. భూమిలోని వెండిపై నుండునది పెక్కుసారులు క్లోరైడు పొర. పెళుసుబాఱిన నాణెము నాపొరయే పట్టియుంచును. అట్టిచోట నీప్రయోగము సాహసము.

నూనె: కొబ్బరినూనెలోనో మఱియొక నూనెలోనో నెలలకొలఁది నానఁబెట్టు నలవాటు కొందఱికిఁ గలదు. నూనె మెత్తని దని నమ్మరాదు. ఇత్తడిగిన్నెలో నిలువయున్న నేయి పచ్చఁబడుట చూచినవారికిఁ గారణము తెలియును: నూనెలలోని యామ్లములు మెల్లఁగా రాగిని దీసికొనును. అంతేకాక నూనె పట్టిన నాణెమునకుఁ దరువాతఁ బ్రయోగశాలలోఁ జికిత్స చేయుట కష్టము.

కుంకుడురసము: పట్టుబట్టలకు శ్రేష్ఠమే. కాని స్వల్పముగాఁ బులుపుగలది. రంధ్రములలో జిగటగా నిలుచును. భూలబ్ధ నాణెమున కక్కఱలేదు.

నిప్పు: పొయ్యిలోఁ గాల్చి నీట ముంచిన మట్టి రాలు నని కొందఱందురు. మట్టితోఁ గూడ ముద్రయు రాలును. లోహపు టంతర్నిర్మాణము మాఱి, దాని తయారీవిధము తెలిసికొను నుపాయము శాశ్వతముగాఁ బోవును.

6. కడిగినవెనుక వచ్చు రోగము

రాగినాణెముపై నక్కడక్కడ లేఁతపచ్చని పొడి చుక్కలు చుక్కలుగా లేచిన నది సామాన్యమైన కిలుము గాదు. దీనినే కంచురోగ మందురు. పొరల లోపల దాఁగియున్న రాగిక్లోరైడునకుఁ దేమయు గాలియుఁ దగిలినప్పుడు ఆమ్లము పుట్టి, ఆ యామ్లము క్రొత్తరాగిని దిని, మరలఁ గ్లోరైడును బుట్టించును. చక్రమువలెఁ దిరుగు నీ వ్యాపారమున నాణెము తుదకుఁ బొడియగును. పొలములలోఁ జల్లు పొటాషియము క్లోరైడు ఎరువు నేలలోఁ గ్లోరైడును బెంచును. చేతిచెమటలో నుప్పు గలదు. చింతపండుతోఁ జేర్చిన చిటికెఁ డుప్పు సంగతి చెప్పనక్కఱలేదు. పైపొర లూడఁదీసి లోపలి క్లోరైడునకు గాలి చూపించిన నాణెము, కడుగని నాణెముకంటె వేగముగా నశించును. అందుచే నేఁడు మెఱసినది యెల్లుండి పచ్చఁబడును. గృహస్థుఁడు మరలఁ గడుగును. ప్రతి కడుగునకు నొక పొర పోవును.

పూర్వము పండితులును నీ పొరఁబాటు చేయకపోలేదు. బెర్లిను రాజకీయ ప్రదర్శనశాలలలో 1888 వ సంవత్సరమున ఫ్రీడ్రిక్ రాత్గెన్ అను రసాయనశాస్త్రజ్ఞుని యాధ్వర్యమునఁ బ్రయోగశాల వెలసెను. మన దేశమున మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలలో 1930 లోఁ బరమశివన్ గారు రసాయన సంరక్షణశాల నారంభించిరి. ఆ కాలమున విద్యుత్తుచేఁ గిలుమంతయుఁ దొలఁగించి లోహమును జూపుట ప్రశస్తపద్ధతిగా నుండెను. కాలక్రమమున నసలు తలము కిలుములోనే కలదని తెలిసినకొలఁది నా పద్ధతి వెనుకఁబడి, సూక్ష్మదర్శనిక్రింద మట్టిని మాత్రము కొంచెము కొంచెముగాఁ దొలఁగించుట యాదరణము పొందినది. శాస్త్రము తన తప్పును దానే దిద్దుకొన్నది. మన మింకను శాస్త్రము విడిచిన పద్ధతినే, అదియు నంతకంటె మోటుగా, వంటయింటఁ జేయుచున్నాము.

7. చేయఁదగినది

పొలములో నాణెము దొరకినప్పుడు కడుగవలదు, రుద్దవలదు, వంచవలదు. దొరకినచోటు, లోఁతు, తేది, కూడ దొరకిన పెంకులు, గుడ్డపేలికలు మున్నగువానిని వ్రాసికొనవలెను. రెండుప్రక్కలను ఛాయాచిత్రములు తీయవలెను. నేఁడు ప్రతివాని చేతనున్న దూరవాణియే యిందులకుఁ జాలును. ప్రక్కనుండి వెలుతురు పడునట్లు పట్టిన నక్షరములు నీడచే లేచి కన్పట్టును. నేను జింతపండునందు వెదకిన స్పష్టత యీ యేటవాలు వెలుఁగునందే యుండెనని తరువాతఁ దెలిసికొంటిని. పెక్కు నాణెము లంటుకొనియున్న విడఁదీయరాదు. కుండలో దొరకిన మట్టితో సహా కుండలోనే యుంచవలెను. నాణెముల వరుస, చుట్టిన గుడ్డ, సంచిదారముల గుర్తులు కిలుములో నిలిచియుండుట కలదు. నీడ నాఱనిచ్చి, పొడికాగితములో నొక్కొక్కదానిని వేఱువేఱుగాఁ బొట్లము గట్టవలెను.

ఇంట వారసత్వముగా వచ్చిన నిజాముకాలపు రాగిపైసలవంటివి, శాసనసంబంధమైన యభ్యంతరము లేనివి, కొంచెము మట్టిపట్టియున్న నిట్లు చేయవచ్చును: మోటారుబండ్ల బ్యాటరీలలోఁ బోయుట కమ్ము శుద్ధజలములో నొకపూఁట యుంచి, నీరు మార్చి, మెత్తని కుంచెతో నంటీయంటనట్లు తుడిచి, గట్టిమట్టి యున్నచో వెదురుపుల్ల మొనతో మట్టిని మాత్రము కదలించి, మెత్తని గుడ్డపై నీడ నారఁబెట్టవలెను. సీసమున కిదియును వలదు. తేమ నూటికి 40 వంతులకు లోపుగా నుండునట్లు తేమపీల్చు సిలికాగుళికలతో మూఁతగల డబ్బాలో నుంచిన రాగికి రోగము చేరదు. లేఁతపచ్చని పొడి కనఁబడినదానిని దక్కినవానినుండి వేఱుచేసి పొడిగా నుంచి, తెలిసినవారికిఁ జూపవలెను. ఇంతకుమించి గృహస్థుఁడు చేయఁదగినది లేదు. పండితుఁడు చేయఁదగినదియు లేదు.

8. శాసనము

భూమిలో దాఁగియుండి దొరకిన ధనమునకు 1878 వ సంవత్సరపు భారత నిధినిక్షేపముల చట్టము వర్తించును. పదిరూపాయల విలువకు మించిన నిధి దొరకినవాఁడు దాని స్వరూపమును, పరిమాణమునో యుజ్జాయింపు విలువనో, దొరకినచోటును, దొరకిన తేదిని గలెక్టరునకు వ్రాఁతమూలముగాఁ దెలుపవలెను. చరిత్రకారుఁడడుగు ప్రశ్నలనే చట్టమును అడుగుచున్నది. స్వంతదారు లెవ్వరును లేరని తేలినప్పుడు, వేఱొడంబడిక లేనిచో, నిధిలో నాలుగింట మూఁడుపాళ్లు దొరకించుకొన్నవానికిని, మిగిలినది భూస్వామికిని జెందును. ప్రభుత్వము దానిని దీసికొనఁదలఁచిన లోహపు విలువయు, నందైదవవంతు నధికముగాను నీయవలెను. దాఁచినవాఁడు తన భాగమును గోలుపోవుటయే గాక, యేఁడాదివఱకుఁ గారాగారమునకుఁ గాని, జుల్మానాకుఁ గాని, రెంటికిఁ గాని పాత్రుఁడగును. కావునఁ జెప్పినవానికి లాభమే, దాఁచినవానికే నష్టము. 2021 వ సంవత్సరము ఏప్రిలులోఁ బెంబర్తి యొద్ద భూమి చదును చేయుచుండఁగా బంగారు వెండి యాభరణములు గల పాత్ర బయల్పడినప్పుడు, అధికారులు వచ్చి దానిని స్వాధీనము చేసికొనిరి. ఆ వార్త విన్న పల్లెలలో "మాకు దొరకిన మేము చెప్పము" అనిన వారిని నేనెఱుఁగుదును. చట్టము తమకేమి యిచ్చునో వారికెవ్వరును జెప్పలేదు. చెప్పవలసినవారు పాఠశాలలలోనున్న మనమే.

గ్రామమున నాణెము దొరకినవాఁడు ముందుగా జూపునది బడిపంతులునకే. నాకును అట్లే వచ్చినది. ఆ రైతునకుఁ గాని, బాలునకుఁ గాని తప్పు లేదు. వారు చదువుకొన్నవాఁడని నమ్మి నా చేత నుంచిరి. కొన్నేండ్లకు నేనా బిళ్లను పురావస్తుశాఖకుఁ జెందిన యొక యధికారికిఁ జూపి, జరిగినది చెప్పితిని. ఆయన యేమియు నిందింపక, బిళ్లను రెండుప్రక్కలఁ ద్రిప్పి చూచి, "కడగకముందు బొమ్మ ఏమైనా తీశారా పంతులుగారూ?" అని మాత్ర మడిగెను. లేదంటిని. దానిని "రాగి, చదువరానిది" యని వ్రాసికొనెను. ఆ రెండుమాటలే యిప్పుడు దాని చరిత్రము.

ఈ పత్రిక చదువు పాఠశాలాపండితులకు నా విన్నపము: మీ శిష్యుఁడు పచ్చని బిళ్ల తెచ్చినప్పుడు దానిని నీటి కుండయొద్దకుఁ గొనిపోవకుఁడు, కిటికీ యొద్దకుఁ గొనిపోవుఁడు. చదువుఁడు, చిత్రము తీయుఁడు, చోటు వ్రాయుఁడు, అధికారులకుఁ దెలుపుఁడు. బాలునిపేరు, అతని తండ్రిపేరు ఆ కాగితముపై మొదట వ్రాయుఁడు. దొరకినవాని భాగము వారిదే. మట్టిలో రెండువేల యేండ్లు నిలిచిన యక్షరము మన చేతిలో నొక్కరాత్రి నిలువలేదను నపకీర్తి నాతోనే ముగియుఁ గాక. ఇత్యలమ్.